ఆంగ్ల పదాల బాంధవ్యం: విద్యార్థులకు ఒక పాఠం



పోటీ పరీక్షల ప్రశ్నపత్రాలలో మీలో చాలామందిని కలవరపరిచే ప్రశ్న ఒకటున్నది. రెండు ఆంగ్ల పదాలను జంటగా ఇచ్చి, వాటి ప్రక్కన మూడవ పదాన్ని ఉంచి, నాల్గవది మీరు చెప్పవలెనంటారు. 'పెటల్ : ఫ్లవర్ :: పేజ్ : ?' అనేది ఇందుకు ఉదాహరణ. పెటల్ అనగా పూరేకు, ఫ్లవర్ అనగా పువ్వు. పూరేకు పువ్వులో భాగమైనట్లే పేజీ దేనిలో భాగమో అదే సమాధానం, అనగా 'బుక్'. ఆంగ్లంలో దీనిని అనాలజీ అంటారు. మనం పదసాదృశ్యం అనవచ్చును. కేంద్ర ప్రభుత్వోద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే పరీక్షలలో తార్కిక సామర్థ్య విభాగంలో ఇటువంటి ప్రశ్నలు తప్పక కనిపిస్తాయి.

నా విద్యార్థి దశలో ఒక ప్రవేశ పరీక్షలో 'ఓర్ : బోట్' అనే జంట నాకు ఎదురైనది. మాది కృష్ణానది ఒడ్డున ఉన్న పల్లె. రేవు దాటితే గాని బడి లేదు. పడవవాడు అలసిన రోజున తెడ్డు నా చేతికిచ్చేవాడు. ఆ చేతితోనే ఆనాడు కలం పట్టుకొని కూర్చున్నాను గాని, 'ఓర్' అంటే ఏమిటో తెలియక ఆ ప్రశ్నను వదలివేశాను. ఒక ప్రశ్న వదలిన దిగులుతో తరువాతి నాలుగింటిని తొందరపడి తప్పుగా వ్రాశాను. ఇంటికి వచ్చి నిఘంటువు తెరచి చూస్తే, ఓర్ అనగా తెడ్డు! తెడ్డుకూ పడవకూ గల సంబంధం ఆ గదిలో ఉన్న ఎవరికన్నా నాకే బాగా తెలిసి ఉండును. తెలియనిది ఒక్క ఆంగ్లపదం. అయినను ఆ మధ్యాహ్నమంతా నేను 'నాకు బుద్ధి లేదు' అనే అనుకున్నాను.

ఈ పాఠం వ్రాయడానికి కారణం అదే. పదసాదృశ్య ప్రశ్నలో రెండు పరీక్షలు ఇమిడి ఉన్నవి. మొదటిది, పదం అర్థం తెలియునా అన్నది. రెండవది, రెండు పదాల నడుమ సంబంధం గుర్తింపగలమా అన్నది. మొదటిది చదువు వలన, సాధన వలన క్రమంగా సమకూరుతుంది. రెండవ శక్తి మాతృభాష మాట్లాడే ప్రతివారికీ చిన్ననాటి నుండియే ఉన్నది. మొదటి లోటును చూచి రెండవది కూడా లేదని భ్రమపడి మన విద్యార్థులు నష్టపోతున్నారు. తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుండి వచ్చిన వారు ఈ భ్రమను ముందుగా తొలగించుకోవలెను.

పాత విద్యయే

సాదృశ్య విచారం మనకు క్రొత్తది కాదు. 'అనాలజీ' అన్న మాటకు మూలం 'అనలోగియా' అనే గ్రీకు పదం. గణితంలో నిష్పత్తుల సమానత్వానికి గ్రీకులు ఆ మాటను వాడారు. మన దేశంలో అదే పద్ధతికి త్రైరాశికమని పేరు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో దాని సూత్రం ఉన్నది. పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మూడు పండ్ల వెల ఆరు రూపాయలైతే అయిదు పండ్ల వెల ఎంత? ఒక పండుకు రెండు రూపాయలన్న సంబంధాన్ని ముందుగా పట్టుకొంటాము. ఆ పిమ్మట జవాబు చెప్తాము. పదసాదృశ్యం కూడా అట్టిదే. అంకెల స్థానంలో పదాలుంటాయి.

అలంకారశాస్త్రంలోనూ ఇదే మార్గం కనిపిస్తుంది. ఉపమాలంకారానికి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగు అంగాలున్నవని తెలుగు తరగతిలో మీరు చదివియున్నారు. ముఖం చంద్రుని వలె ఆహ్లాదకరంగా ఉన్నదన్నప్పుడు ఆహ్లాదకరత్వం సమానధర్మం. ఉర్దూ తరగతిలో మీ సహాధ్యాయులు తష్బీహ్ అనే పేరుతో దీనినే చదువుతారు. అక్కడ ముషబ్బహ్ మన ఉపమేయం, ముషబ్బహ్ బిహ్ మన ఉపమానం, వజ్హె షబహ్ మన సమానధర్మం. ఆంగ్ల ప్రశ్నపత్రం సమానధర్మాన్ని దాచిపెట్టి దానిని కనుగొనుమంటున్నది. అంతే భేదం.

సంబంధాన్ని వాక్యంగా చెప్పుట

సాధనలో మొదటి మెట్టు ఇది: జవాబుల జాబితా చూడకముందే, ఇచ్చిన జంటను ఒక పూర్తి వాక్యంలో కూర్చవలెను. ఆ వాక్యం తెలుగులో ఉండవచ్చును, ఉర్దూలోనైనా ఉండవచ్చును. తరువాత ఆ వాక్యంలోనే మూడవ పదాన్ని పెట్టి చూడవలెను.

'సర్జన్ : స్కాల్పెల్ :: కార్పెంటర్ : ?' అని ప్రశ్న. వుడ్, చెయిర్, హామర్, సా అని నాలుగు జవాబులిచ్చారు. నాలుగింటికీ వడ్రంగితో సంబంధం ఉన్నది. తొందరపడినవారు మొదట కనిపించిన వుడ్, అనగా కలపను ఎన్నుకొంటారు. మనం వాక్యం కూర్చుదాం: 'శస్త్రవైద్యుడు స్కాల్పెల్ అనే చిన్న కత్తిని పనిముట్టుగా వాడుతాడు.' కలప పనిముట్టు కాదు, కుర్చీ పనిముట్టు కాదు. ఆ రెండూ తొలగిపోయినవి. సుత్తి, రంపం మిగిలినవి. ఇక్కడ వాక్యానికి పదును పెట్టవలెను: 'శస్త్రవైద్యుడు స్కాల్పెల్‌తో కోస్తాడు.' వడ్రంగి సుత్తితో కొడతాడు, రంపంతో కోస్తాడు. కావున 'సా' సరియైన సమాధానం. ఒక వాక్యానికి రెండు జవాబులు నిలిచినప్పుడు వాక్యం వదులుగా ఉన్నదని గ్రహించవలెను.

రెండవ మెట్టు, పదాల వరుసను గమనించుట. 'పెటల్ : ఫ్లవర్' అన్నప్పుడు భాగం ముందు, పూర్ణం వెనుక. 'ఫ్లవర్ : పెటల్' అన్నప్పుడు వరుస తిరగబడినది. 'బుక్ : పేజ్' అనే జంటలో సంబంధం సరిగానే ఉన్నా, వరుస మారినందున 'పెటల్ : ఫ్లవర్'కు అది సరిపోదు. తండ్రి, కొడుకు అనుటకూ కొడుకు, తండ్రి అనుటకూ ఉన్న తేడా ఇందులో ఉన్నది.

ముఖ్య సంబంధాలు

ప్రశ్నలలో తరచుగా వచ్చే సంబంధాలను ఎనిమిది విధాలుగా విభజింపవచ్చును.

1. భాగం, పూర్ణం: పెటల్ : ఫ్లవర్. 'మొదటిది రెండవదానిలో ఒక భాగం.'

2. వ్యక్తి, జాతి: స్పారో : బర్డ్. పిచ్చుక పక్షిజాతిలోనిది. రెక్క పక్షిలో భాగం. పిచ్చుక పక్షిలో భాగం కాదు. మొదటి విధానికీ దీనికీ భేదం ఇదే.

3. సమానార్థం: బ్రీఫ్ : షార్ట్.

4. వ్యతిరేకార్థం: ఏన్షియంట్ : మోడరన్.

5. కారణం, కార్యం: డ్రౌట్ : ఫామిన్. అనావృష్టి కరవుకు దారితీస్తుంది.

6. పనివాడు, పనిముట్టు: సర్జన్ : స్కాల్పెల్.

7. తారతమ్యం: వార్మ్ : హాట్. రెండూ ఒకే గుణం. రెండవది మరింత తీవ్రం.

8. లోపం: డెసర్ట్ : వాటర్. ఎడారి అంటేనే నీరు కరవైన చోటు. దీనిని వ్యతిరేకార్థంగా పొరబడరాదు. ఎడారికి నీరు వ్యతిరేక పదం కాదు.

ఈ ఎనిమిదింటిని వల్లెవేయనక్కరలేదు. మీరు కూర్చిన వాక్యం ఏ విధంలోకి వస్తుందో చూచుకొనడానికి మాత్రమే ఈ పట్టిక ఉపయోగపడుతుంది.

మూడు భాషలు, ఒకే అచ్చు

మన కళాశాల విద్యార్థులకు ఇతరులకు లేని సౌకర్యం ఒకటున్నది. ఒకే ఆవరణలో తెలుగు, ఉర్దూ రెండూ వినిపిస్తాయి. ఈ సౌకర్యాన్ని ఆంగ్లాభ్యాసానికి మనం వినియోగించుకొనడం లేదు.

ఉర్దూలోకి అరబ్బీ నుండి వచ్చిన పదాలను చూడండి. జాలిమ్ అనగా హింసించేవాడు. మజ్లూమ్ అనగా హింసకు గురియైనవాడు. ఖాదిమ్ సేవ చేసేవాడు. మఖ్దూమ్ సేవ పొందేవాడు. కాతిబ్ వ్రాసేవాడు, మక్తూబ్ వ్రాయబడినది. క, త, బ అనే మూడు హల్లుల నుండియే కితాబ్, మక్తబ్ కూడా పుట్టినవి. ఇక తెలుగులో సంస్కృత సమములను చూడండి. పాలకుడు పాలించేవాడు, పాలితుడు పాలింపబడేవాడు. రక్షకుడు, రక్షితుడు అనే జంట కూడా అట్టిదే. ఇప్పుడు ఆంగ్లానికి వద్దాం. ఎంప్లాయర్ పని ఇచ్చేవాడు. ఎంప్లాయీ పనిలో నియమింపబడినవాడు. ట్రైనర్ శిక్షణ ఇచ్చేవాడు. ట్రైనీ శిక్షణ పొందేవాడు. పేయర్ చెల్లించేవాడు, పేయీ ఆ చెల్లింపు అందుకొనేవాడు.

కావున 'ఎంప్లాయర్ : ఎంప్లాయీ' అనే జంటను చూచినప్పుడు ఉర్దూ విద్యార్థి 'జాలిమ్, మజ్లూమ్ అచ్చు' అనుకోవచ్చును; తెలుగు విద్యార్థి 'పాలకుడు, పాలితుడు అచ్చు' అనుకోవచ్చును. ఒక అచ్చు పట్టుబడితే పది పదాలు ఒక్కసారిగా వశమవుతాయి. అయితే ప్రతి నియమానికీ అపవాదం ఉంటుంది. 'ఎస్కేపీ' అనగా తప్పించుకొని పోయినవాడే గాని, తప్పింపబడినవాడు అని అర్థం కాదు. అచ్చును నమ్మండి, అర్థాన్ని మాత్రం సరిచూచుకొనండి.

ఆంగ్లంలో లాటిన్ ధాతువులు కూడా ఇట్లే కుటుంబాలను పెంచినవి. 'పోర్ట్' అన్న ధాతువుకు మోయుట అని అర్థం. లోపలికి తెచ్చుకొనేది ఇంపోర్ట్, బయటకు పంపేది ఎక్స్‌పోర్ట్, ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చేది ట్రాన్స్‌పోర్ట్. రైలు నిలయంలో సామాను మోసే పోర్టర్ కూడా ఈ కుటుంబంలోనివాడే. నాలుగు పదాలను విడివిడిగా కంఠస్థం చేయుటకన్నా ఒక్క ధాతువును తెలుసుకొనుట సులభం.

మాతృభాష మోసగించే చోట్లు

మాతృభాషలో వాక్యం కూర్చుమని చెప్పాను. అందులో ఒక జాగ్రత్త అవసరం. ఏ రెండు భాషలూ లోకాన్ని ఒకే విధంగా పంచుకోవు.

ఉర్దూలో 'కల్' అనే ఒక్క మాట నిన్నకూ రేపటికీ చెల్లుతుంది. క్రియను బట్టి కాలం తెలుస్తుంది. తెలుగు, ఆంగ్లాలలో దానికి రెండు మాటలు. అప్పు ఇచ్చుట, అప్పు తీసుకొనుట అని తెలుగులో ఒకే 'అప్పు'కు రెండు క్రియలు చేరుస్తాము. ఉర్దూలోనూ ఖర్జ్ దేనా, ఖర్జ్ లేనా అంటారు. ఆంగ్లంలో లెండ్, బారో అనేవి సంబంధం లేని రెండు పదాలు. మన విద్యార్థులు ఈ రెండింటినీ తారుమారు చేయడానికి కారణం ఇదే. సిగరెట్టు త్రాగుట అని తెలుగులోనూ, సిగరెట్ పీనా అని ఉర్దూలోనూ అంటాము. ఆంగ్లంలో నీటికి డ్రింక్, సిగరెట్టుకు స్మోక్. ఇక చుట్టరికాలలో ఆంగ్లమే పేద భాష. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ అందరూ అక్కడ 'అంకుల్'లే. చచా, మామూ, ఫూఫా, ఖాలూ అనే భేదాలు కూడా ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి.

ఇటువంటి చోట్లను ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకొనండి. మీరు చేసే తప్పులలో పెద్ద భాగం ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

పరీక్ష కొలవలేనిది

ఈ ప్రశ్నలు తెలివికి అచ్చమైన కొలబద్దలని కొందరి నమ్మకం. అమెరికాలో కళాశాల ప్రవేశం కోసం ఎస్.ఏ.టి. అనే పరీక్ష 1926లో ప్రారంభమైనది. అందులో పదసాదృశ్యాలు చాలాకాలం ప్రముఖ స్థానం వహించినవి. ఒకప్పటి ప్రశ్నలో 'రన్నర్ : మారథాన్' అనే జంటకు సమానంగా 'ఓర్స్‌మన్ : రెగాట్టా' అనే జంటను ఎన్నుకోవలసి ఉండినది. రెగాట్టా అనగా పడవ పందేల వేడుక. సంపన్న కుటుంబాల పిల్లలు చూచే వేడుక అది. దానిని ఎన్నడూ చూడని పేదపిల్లలకు ఆ పదం ఎట్లు తెలుస్తుందని విమర్శకులు ప్రశ్నించారు. ఇది తెలివిని కాక ఇంటి సిరిని కొలుస్తున్నదన్నారు. ఈ ప్రశ్న ఆ చర్చలో తరచుగా ఉదాహరణగా నిలిచినది. 2005లో ఆ పరీక్ష నుండి పదసాదృశ్యాలను తొలగించారు. ఉన్నత విద్యకు సంబంధించిన జి.ఆర్.ఇ. పరీక్ష నుండి 2011లో తొలగించారు.

ఆ ప్రశ్నను గురించి చదివినప్పుడు నా 'ఓర్' నాకు గుర్తుకు వచ్చినది. తెడ్డు పట్టిన పిల్లవాడికి ఓర్ తెలియలేదు. తెడ్డు ముట్టని పిల్లవాడికి తెలిసినది. మన దేశంలో ఈ ప్రశ్నలు ఇంకను కొనసాగుతున్నవి గనుక మనం వాటికి సిద్ధపడక తప్పదు. అయితే 2023 నుండి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ తన పరీక్షలలో కొన్నింటిని తెలుగు, ఉర్దూలతో సహా ప్రాంతీయ భాషలలో కూడా నిర్వహిస్తున్నది. సంబంధాన్ని గ్రహించే శక్తి ఏ ఒక్క భాష సొత్తూ కాదన్న మాటకు ఇది ఒక అంగీకారం.

పదసంపద పెంచుకొనుట

పదాల పట్టికను అకారాది క్రమంలో కంఠస్థం చేసినవారు వారం తిరిగేసరికి సగం మరచిపోతారు. పదం ఒంటరిగా మనసులో నిలువదు, తోడు కావలెను. ఈ సంగతి పూర్వులు ఎరుగుదురు. అమరకోశం పదాలను వర్గాలుగా కూర్చినది. అమీర్ ఖుస్రో పేరిట ప్రసిద్ధమైన 'ఖాలిక్ బారీ' ఒక భాషలోని మాటకు మరొక భాషలోని మాటను జత చేసి పద్యాలలో నేర్పినది. 1852లో పీటర్ మార్క్ రోజె ఆంగ్ల పదాలను భావాలను బట్టి వర్గీకరించి థెసారస్‌ను ప్రచురించాడు. తనకు ముందు ఇటువంటి ప్రయత్నం చేసిన గ్రంథాలలో అమరకోశాన్ని ఆయన పేర్కొన్నాడు. సి.పి. బ్రౌన్ తెలుగు, ఇంగ్లీషు నిఘంటువు కూడా అదే 1852లో వెలువడినది. నిఘంటువు పదానికి అర్థం చెప్తుంది. థెసారస్ పదానికి బంధువులను చూపుతుంది. విద్యార్థి వద్ద రెండూ ఉండవలెను.

దినానికి అయిదు పదాలు చాలును. ప్రతి పదం ప్రక్కన దాని సమానార్థకం, వ్యతిరేకార్థకం, ఒక బంధుపదం, మాతృభాషలో ఒక వాక్యం వ్రాయండి. ఆంగ్లం పరాయిదన్న సంకోచం కూడా అక్కరలేదు. మన భాషలు ఎప్పుడో ఆ ఇంట అడుగుపెట్టినవి. 'బ్యాండికూట్' మన పందికొక్కే. 'ఖాకీ' ఉర్దూ మాటయే. ఖాక్ అనగా మట్టి, ధూళి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయంలో థెసారస్ ప్రతులు కొన్ని విద్యార్థుల చేతికి అందేటట్లు ఉంచగోరుతాను. వారానికి ఒక గంట ఆంగ్ల, తెలుగు, ఉర్దూ అధ్యాపకులు కలిసి ఒకే తరగతిని నడుపుటకు వీలు కల్పించగోరుతాను. ఇందుకు ఖర్చు స్వల్పం. ఒక భాషలో తెలిసినదే మరొక భాషలో అడుగుతున్నారని ఆ గంటలో విద్యార్థి స్వయంగా గ్రహిస్తాడు. ఆ గ్రహింపుతో పరీక్షా మందిరంలోకి వెళ్లినవాడు తెలియని పదం ఎదురైనా 'ఈ మాట నాకు ఇంకా రాదు' అనుకొని ముందుకు సాగుతాడు. తరువాతి నాలుగు ప్రశ్నలను పోగొట్టుకోడు.

అభ్యాసం

క్రింది ప్రశ్నలకు ముందుగా వాక్యం కూర్చి, పిమ్మట జవాబు ఎన్నుకొనండి.

1. బ్రీజ్ : గేల్ :: డ్రిజిల్ : ? క్లౌడ్, డౌన్‌పోర్, అంబ్రెల్లా, వెట్.

2. పోటర్ : పాట్ :: వీవర్ : ? లూమ్, కాటన్, క్లాత్, షాప్.

3. డెసర్ట్ : వాటర్ :: డార్క్‌నెస్ : ? నైట్, లైట్, ఫియర్, బ్లాక్.

4. పేయర్ : పేయీ :: లెండర్ : ? బ్యాంక్, మనీ, ఇంట్రెస్ట్, బారోయర్.

సమాధానాలు: ఒకటవది డౌన్‌పోర్, పిల్లగాలి ముదిరితే పెనుగాలి, తుంపర ముదిరితే కుండపోత. రెండవది క్లాత్, కుమ్మరి కుండ చేస్తాడు, నేతగాడు బట్ట నేస్తాడు. లూమ్ అనగా మగ్గం, అది పనిముట్టు. మూడవది లైట్, నీరు కరవైనది ఎడారి, వెలుగు కరవైనది చీకటి. నాల్గవది బారోయర్, మొదటివాడు ఇస్తాడు, రెండవవాడు పుచ్చుకొంటాడు.